కొన మొగ్గ ఏమైందో చూస్తే పూలగుత్తి పేరు తెలుస్తుంది

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంటర్ ఫస్టియర్ బైపీసీ చదువుతున్నాను. పుష్పవిన్యాసాల (పూలు గుత్తిలో అమరే తీరుల) పేర్లు మూడుసార్లు బట్టీపట్టాను, అయినా పరీక్ష హాల్లో ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. అనిశ్చితం, నిశ్చితం నిర్వచనాలు వచ్చు గానీ మొక్క చేతికిస్తే ఏదో చెప్పలేకపోతున్నాను. బంతి ఒక పువ్వు కాదు, పూలగుత్తి అని సార్ చెప్పారు. ఎందుకో అర్థం కాలేదు. ప్రాక్టికల్స్ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్తారా?

సమాధానం:

అమ్మా, నువ్వు మూడు సందేహాలు రాశావు గానీ మూడింటికీ జవాబు ఒక్క చోటే ఉంది. నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీల్లో బాటనీ చెప్పి రిటైరయ్యాను. ఏటా ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి సగం క్లాసు డీలా పడిపోయేది. పుస్తకంలో బొమ్మలన్నీ పక్కపక్కన వేసి ఉంటాయి. పిల్లలు వాటిని పది రకాల ముగ్గుల్లాగా కంఠస్థం చేస్తారు. ముగ్గు మర్చిపోతే ఇక ఆధారం ఉండదు. నిజానికి పూలగుత్తి అంటే పెరిగిన ఒక కొమ్మ. ఆ కొమ్మ ఎలా పెరిగింది, ఎక్కడ ఆగింది అన్నది పట్టుకుంటే పేరు దానంతటదే వస్తుంది. అందుకని మొక్క చేతిలోకి రాగానే ఒక్క ప్రశ్న వేసుకో: దీని కొన మొగ్గ ఏమైంది?

ఆ ప్రశ్న అర్థం కావాలంటే పువ్వు జోలికి వెళ్ళేముందు మొక్క ఒళ్ళు ఒకసారి చూడాలి.

ఏ పూల మొక్కనైనా తీసుకో. కాండం మీద కణుపు, కణుపు దగ్గర ఆకు, ఆకుకీ కాండానికీ నడుమ సందులో ఒక చిన్న మొగ్గ. ఆ సందునే పుస్తకంలో గ్రీవం అంటారు. కాండం చివర కొన మొగ్గ. గడ్డి మొక్క దగ్గర్నుంచి మర్రిచెట్టు దాకా ఈ వరసే మళ్ళీ మళ్ళీ వస్తుంది. గ్రీవంలోని మొగ్గ లేస్తే కొమ్మ అవుతుంది, లేదంటే పువ్వవుతుంది, రెండూ కాకపోతే అలాగే నిద్రపోతుంది.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళి ఒక కరివేపాకు రెబ్బ పట్టుకురా. దాంట్లో ఎన్ని ఆకులున్నాయి? రెబ్బంతా కలిపి ఒక్కటే ఆకు. నమ్మకం కలగకపోతే రెబ్బలోని చిన్న ఆకుల మొదట్లో మొగ్గ కోసం వెతుకు, దొరకదు. రెబ్బ కొమ్మకు అతుక్కున్న చోట చూడు, అక్కడ ఉంటుంది. కాబట్టి ఆ చిన్నవి పత్రకాలు, రెబ్బ మొత్తం ఆకు. మునగాకు ఇంకా పెద్దది. మనం దూసి పప్పులో వేసే ఆ రెమ్మ, కొమ్మల్లో కొమ్మలుగా చీలినట్టు కనిపించేది, అంతా కలిపి ఒకే ఆకు.

దాని పక్కన ఉసిరి రెమ్మ పెట్టు. చూడటానికి అచ్చం చింతాకులాగే ఉంటుంది. కానీ పూతకాలంలో దగ్గరగా చూస్తే ఆ సన్నటి ఆకుల సందుల్లో చిన్న చిన్న పూలు కనిపిస్తాయి. సందులో పువ్వు ఉందంటే అక్కడ మొగ్గ ఉన్నట్టే. మొగ్గ ఉందంటే ఆ సన్నది పూర్తి ఆకు, రెమ్మ ఒక కొమ్మ. పెరట్లో నేలఉసిరి పీకి తిరగేసినా ఇదే తెలుస్తుంది, ఆకుల కింద వరసగా కాయలు వేలాడుతుంటాయి. చింతరెమ్మ ఆకు, ఉసిరిరెమ్మ కొమ్మ. ఈ రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టకుండా నేను ఏ ఏడూ ఈ పాఠం మొదలుపెట్టలేదు. ఇక్కడ కన్ను తెరుచుకుంటే మిగతాదంతా తేలిక.

ఇక పువ్వు. జర్మన్ కవి గోథే 1790లో మొక్కల రూపాంతరం గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. పువ్వులో కనిపించే భాగాలన్నీ ఆకు మారి వచ్చిన రూపాలే అని ఆయన అన్నాడు. సుమారు రెండు వందల ఏళ్ళ తర్వాత ప్రయోగశాలలో అదే తేలింది. ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో మూడు రకాల జన్యువులను పనిచేయకుండా చేశారు. రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు (రేకులు), పుప్పొడినిచ్చే కేసరాలు, అండాశయమయ్యే ఫలదళాలు రావాల్సిన చోట్లన్నీ ఆకుల్లాంటివే వచ్చాయి. అంటే పువ్వు కూడా కొమ్మే. కణుపుల మధ్య దూరం లేకుండా కుదించుకుపోయిన కొమ్మ. మందార పువ్వును నిలువునా కోసి చూడు. అడుగున ఆకుపచ్చ రక్షకపత్రాలు, వాటిపైన అయిదు ఎర్ర రేకులు, నడుమ కేసరాలన్నీ కలిసిన గొట్టం, ఆ గొట్టంలోంచి పైకి వచ్చి అయిదుగా చీలిన కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొన), అన్నిటికీ లోపల అండాశయం. కింది నుంచి పైకి మెట్లు మెట్లుగా, కొమ్మ మీద ఆకులు ఉన్నట్టే.

మామూలు కొమ్మకూ పువ్వుకూ ఒక పెద్ద తేడా మాత్రం ఉంది. కొమ్మ చివర మొగ్గ ఇంకా పెరుగుతుంది. అదే మొగ్గ పువ్వయిపోతే పెరుగుదల అక్కడితో సరి. నువ్వు అడిగిన అనిశ్చితం, నిశ్చితం అంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

కొన మొగ్గకు రెండు దారులున్నాయి. తను పువ్వు కాకుండా ముందుకు సాగిపోతూ, పక్క మొగ్గలను మాత్రం పూలుగా వదులుతూ పోవచ్చు. అప్పుడు ముందు పుట్టినవి మొదట్లో, కొత్తవి కొన దగ్గర ఉంటాయి. ఎన్ని పూలు వస్తాయో ముందే లెక్క తేలదు కాబట్టి అది అనిశ్చితం. లేదంటే కొన మొగ్గ ముందు తనే పువ్వయిపోతుంది. ఇక ఆ కొమ్మ సాగదు, దాని కింది పక్క మొగ్గలు బాధ్యత తీసుకుంటాయి. అప్పుడు పెద్ద పువ్వు నడుమన, చిన్న మొగ్గలు పక్కన. అది నిశ్చితం.

ఇది మనుషులు పెట్టుకున్న ఊహా విభజన అనుకోకు. అరబిడాప్సిస్‌లో టెర్మినల్ ఫ్లవర్ 1 అనే ఒక్క జన్యువు చెడిపోతే చాలు, సాగాల్సిన కొన పువ్వయి ఆగిపోతుంది. టమాటా విత్తనాలు కొనేటప్పుడు డిటర్మినేట్ రకమా, ఇన్‌డిటర్మినేట్ రకమా అని రైతులు అడుగుతారు కదా. పొట్టిగా గుబురుగా ఆగిపోయే టమాటా రకాలు ఆ జన్యువుకు తోబుట్టువులాంటి జన్యువులో వచ్చిన మార్పు వల్ల పుట్టినవే. కర్రకు కట్టుకుంటూ పోవాల్సిన రకాల్లో ఆ మార్పు లేదు.

నీది హనుమకొండ అన్నావు, ముందు బతుకమ్మ ఉంది. తాంబాళంలో పేర్చే పూలు ముందేసుకుని కూర్చుంటే సిలబస్‌లో సగం అక్కడే అయిపోతుంది.

ముందు గునుగు పువ్వు తీసుకో. తెంపిన కంకి కింద వెండిలా తెల్లగా, కొన దగ్గర గులాబీ రంగులో ఉంటుంది. ఎందుకలా? కింది పూలు ముందు విచ్చి రంగు వెలిసినవి, పైవి కొత్తవి. కింది భాగాన్ని అరచేతిలో నలిపితే నల్లగా మెరిసే గింజలు రాలతాయి. కొన నలిపితే ఏమీ రాలదు. పూలకు కాడలు లేవు, నడిమి కాడకే, అంటే అక్షానికే, అతుక్కుని ఉన్నాయి. కొన సాగుతోంది, పూలకు కాడ లేదు: ఇది కంకి. వినాయకచవితి పత్రిలో వచ్చే ఉత్తరేణి కూడా అంతే. చేను గట్టు మీద నడిస్తే బట్టలకు పట్టుకునేవి దాని కింది భాగంలోని ముదురు కాయలు, కొన ఇంకా పూస్తూ ఉంటుంది.

అదే పూలకు కాడలుంటే సామాన్య అనిశ్చితం. రేల చెట్టు చూశావు కదా, ఎండాకాలంలో పసుపు గొలుసులు వేలాడతాయి. పరీక్షలో చాలామంది దీని దగ్గర తడబడతారు. గొలుసు తలకిందులుగా వేలాడుతుంది కాబట్టి విచ్చిన పూలు పైన, మొగ్గలు కింద కనిపిస్తాయి. అగ్రాభిసార క్రమం అంటే అక్షం కొన వైపు అని అర్థం, ఆకాశం వైపు అని కాదు. కొమ్మకు దగ్గరున్నవి పాతవి, కొనకు దగ్గరున్నవి కొత్తవి. లెక్క తప్పలేదు.

తర్వాత తంగేడు. మన తెలంగాణ రాష్ట్ర పుష్పం. గుత్తి మీద అరచెయ్యి ఆనించు, పూలన్నీ దాదాపు ఒకే మట్టంలో చేతికి తగులుతాయి. కానీ అవన్నీ ఒకే చోట పుట్టలేదు. కింద పుట్టిన పువ్వు కాడ పొడుగు, పైన పుట్టిన దాని కాడ పొట్టి. తల సమానం కాబట్టి సమశిఖి. తంగేడు పువ్వు విడిగా కూడా చూడదగ్గది. పది కేసరాలుంటాయి, అన్నీ ఒక్క సైజులో ఉండవు. పరాగకోశాలు (పుప్పొడి సంచులు) నిలువునా చీలకుండా కొన దగ్గర చిన్న రంధ్రంతో తెరుచుకుంటాయి. తేనెటీగ జాతులు కొన్ని వచ్చి పట్టుకుని రెక్కల కండరాలతో ఝుమ్మని ఊపితేనే పుప్పొడి రాలుతుంది. తోటలో తంగేడు దగ్గర ఉదయం పూట నిలబడితే ఆ ఝుంకారం మామూలు ఈగ మోతలా ఉండదు, చెవికి వేరుగా తెలుస్తుంది.

గుమ్మడి పువ్వు గుత్తిగా రాదు, ఆకు సందులో ఒంటరిగా వస్తుంది. ఆడ, మగ వేరువేరు. సన్నటి పొడుగు కాడ మీద ఉన్నది మగపువ్వు. రేకుల కింద బుల్లి గుమ్మడి పిందె ఉన్నది ఆడపువ్వు. అండాశయం పువ్వు భాగాలకు కిందన ఉంటే నిమ్న అండాశయం అని చదివావు కదా, దాన్ని ఇంత స్పష్టంగా చూపించే పువ్వు ఇంకొకటి లేదనే అంటాను.

ఇక నీ బంతి. ఒక బంతి పువ్వు తీసుకుని ఒక్క రేకు మాత్రం జాగ్రత్తగా మొదలంటా లాగు. రేకు ఒక్కటే ఊడి రాదు, అడుగున సన్నటి పుల్లలాంటిది కూడా వస్తుంది. అది అండాశయం, ముదిరితే మనం విత్తనం అని చల్లే నల్లటి కాయ. రేకు మొదట్లో గొట్టంలా చుట్టుకున్న చోట భూతద్దం పెట్టి చూడు, రెండుగా చీలిన కీలాగ్రం బయటికి వచ్చి ఉంటుంది. అండాశయం ఉంది, కీలం (కీలాగ్రాన్ని మోసే కాడ) ఉంది, ఆకర్షణపత్రాలు ఉన్నాయి. అంటే నువ్వు లాగింది రేకు కాదు, ఒక పూర్తి ఆడపువ్వు. అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. ఇలా చిన్న పూలన్నీ ఒక తలలా చేరిన గుత్తి పేరు శీర్షం. కింద ఆకుపచ్చ గిన్నెలా పట్టి ఉంచినవి పుష్పపుచ్ఛాలు, అంటే పూల మొదట్లో ఉండే ఆకుల్లాంటివి. రేక బంతుల్లో నడుమ గొట్టం పూలు కూడా కనిపిస్తాయి. మనం దండలకు పెంచే ముద్దబంతిలో వాటి స్థానంలోనూ రేకుల పూలే వచ్చేట్టు ఎంపిక చేసి పెంచారు, అందుకే ప్రాక్టికల్స్‌కు ముద్దబంతి మంచిది కాదు. రోడ్డు పక్క గడ్డి చామంతి తెచ్చుకో. అంచున అయిదారు లేత రంగు పూలు, నడుమ పసుపు గొట్టం పూలు, రెండు రకాలూ స్పష్టంగా ఉంటాయి. గింజ ముదిరాక గాలికి ఎగిరే ఆ దూది పోగులు రక్షకపత్రాలు మారి వచ్చినవే.

"శీర్షంలో కొన ఎక్కడుంది మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది ఒకసారి. చాలా మంచి ప్రశ్న. గునుగు కంకి మెత్తటి మైనంతో చేసినది అనుకో. పైనుంచి అరచేత్తో నొక్కి అప్పడంలా చదును చెయ్యి. కింద ఉన్న పాత పూలు అంచుకు జరుగుతాయి, కొన సరిగ్గా మధ్యకు వస్తుంది. అందుకే పొద్దుతిరుగుడులో పూలు బయటి అంచున మొదలై రోజుకు కొన్ని వరసల చొప్పున లోపలికి విచ్చుకుంటూ పోతాయి. కింది నుంచి పైకి అన్నదే ఇక్కడ బయట నుంచి లోపలికి అయింది. రెండు సూత్రాలు వేరుగా బట్టీపట్టక్కర్లేదు. పొద్దుతిరుగుడు తల మీద గింజలు వంకీలు తిరిగి ఉంటాయి. ఒక వైపు వంకీలు, ఎదురు వైపు వంకీలు లెక్కపెడితే 34, 55 లాంటి అంకెలు తరచుగా వస్తాయి. కొన దగ్గర కొత్త పువ్వు ఎప్పుడూ పాతవాటి మధ్య ఎక్కువ ఖాళీ ఉన్న చోట పుట్టడం వల్ల ఈ అమరిక వస్తుంది. దాని గొట్టం పువ్వు ఒక్కటి తీసి చూడు. అయిదు పరాగకోశాలు గొట్టంలా అతుక్కుని ఉంటాయి, కీలం వాటి లోపల్నుంచి పైకి పెరుగుతూ పుప్పొడిని పిస్టన్‌లా బయటికి తోస్తుంది, ఆ పని అయ్యాకే కీలాగ్రం రెండుగా విచ్చుకుంటుంది. సొంత పుప్పొడి ముందు వెళ్ళిపోవాలి, ఆ తర్వాతే వేరే పువ్వు పుప్పొడికి తలుపు తీయాలి.

అక్షం పొట్టిదై కాడలు మాత్రం పొడుగ్గా మిగిలితే గొడుగులా ఉంటుంది, గుచ్ఛం అంటాం. కొత్తిమీర పూతకు వదిలితే చిన్న గొడుగులన్నీ కలిసి పెద్ద గొడుగు కట్టినట్టు వస్తుంది, అది సంయుక్త గుచ్ఛం. ఆ చిన్న గొడుగుల్లో అంచున ఉన్న పూలకు బయటి వైపు రేకులు పెద్దవి. గొడుగంతా కలిసి కీటకానికి ఒకే పువ్వులా కనిపించే ఏర్పాటు అది, బంతి చేసిన పనే.

అరటిపువ్వు కూర చేసే రోజు మీ అమ్మగారి పక్కన కూర్చో. ఎర్ర డొప్ప ఒలిస్తే కింద వరసగా పూలు. ఆ డొప్ప పుష్పపుచ్ఛం. ఒక్కో పువ్వులోంచి గట్టిగా, గుండ్రటి తలతో ఉన్న పుల్ల తీసి పారేస్తారు కదా, అది ఎదగని అండకోశపు కీలం, కీలాగ్రం. గెలలో ముందు విచ్చిన డొప్పల కింద ఆడపూలు వచ్చి అత్తాలు కడతాయి, తర్వాతి డొప్పల కింద మగపూలు వచ్చి రాలిపోతాయి. మనం వండుకునేది కొనన మిగిలిన మగపూల మొగ్గ. గెల కోసేదాకా ఆ కొన కొత్త డొప్పలు వేస్తూనే ఉంటుంది. కొన మొగ్గ ఏమైంది? ఇంకా బతికే ఉంది. అనిశ్చితం.

ఇప్పుడు నిశ్చితం. మల్లెపూలు కోసేవాళ్ళకు ఇది పాఠం చెప్పకుండానే తెలుసు. కొమ్మ చివర మూడు మొగ్గలుంటే నడిమిది ముందు లావెక్కి ఆ సాయంత్రానికి విచ్చుకుంటుంది, పక్క రెండూ ఆ తర్వాత. కొన పువ్వయిపోయింది, రెండు పక్క మొగ్గలు వారసులయ్యాయి. ద్విశాఖీయ నిశ్చితం. కాగితం పువ్వు చెట్టు దగ్గర కూడా ఇదే వరస. అక్కడ రంగుది పువ్వనుకుని మోసపోవద్దు. రంగుతో ఉన్నవి మూడు పుష్పపుచ్ఛాలు, ఒక్కో దాని నడిమి ఈనెకు అతుక్కుని సన్నటి గొట్టంలాంటి తెల్లటి పువ్వు ఉంటుంది. పక్క మొగ్గల్లో ఒక్కటే ప్రతిసారీ లేస్తే ఏకశాఖీయం. చెరువు గట్ల మీద పెరిగే హీలియోట్రోపియం అనే మొక్కలో ఇలాగే జరిగి గుత్తి తేలు తోకలా వంకీ తిరిగి, పూలన్నీ ఒక వైపే వరస కట్టి ఉంటాయి.

తులసి దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగు. అందరూ దాన్ని కంకి అనుకుంటారు. కణుపు దగ్గర చుట్టూ ఆరు పూలు ఉంటాయి, వలయంలా. కానీ నెమ్మదిగా విడదీస్తే అటు మూడు, ఇటు మూడు, ఎదురెదురుగా ఉన్న రెండు పుచ్ఛాల సందుల్లో. ఆ మూడింటిలో నడిమిది ముందు విచ్చుకుంటుంది. అంటే మల్లెలో చూసిన మూడు పూల గుత్తే ఇక్కడ రెండు వైపులా కూర్చుంది. మరి పెద్ద అక్షం? అది కింది నుంచి పైకి సాగుతూనే ఉంది. పెద్ద కొమ్మ అనిశ్చితం, చిన్న గుత్తులు నిశ్చితం, రెండూ ఒకే మొక్కలో. దీన్నే వర్టిసెల్లాస్టర్ అంటారు. తుమ్మి పువ్వు కూడా ఇదే కుటుంబం, దానికి గుత్తులు ఇంకా ఒత్తుగా ఉంటాయి.

సూత్రం చేతిలో ఉందని మొక్కను చూడటం మానకూడదు. ఇది నాకు ఒక విద్యార్థి నేర్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వరి గురించి చెబుతూ, అనిశ్చితం కాబట్టి కింది నుంచి పైకి పూస్తుంది అన్నాను. వెనక బెంచీలోంచి ఒక రైతు కొడుకు లేచి, "మా పొలంలో వెన్ను పైనుంచి పూస్తుంది మేడమ్" అన్నాడు. ఆ ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. ఉదయం పదింటికి మడి గట్టున కూర్చుంటే కళ్ళముందే గింజ నోరు తెరిచినట్టు రెండు పొట్టు రేకులూ విడిపోయి, ఆరు పసుపు పరాగకోశాలు సన్నటి దారాల మీద బయటికి వేలాడాయి. కాసేపటికి గింజ మూసుకుంది, సుంకు మాత్రం బయటే ఉండిపోయింది. విచ్చుకున్నవన్నీ వెన్ను పై భాగంలో ఉన్నవే. ఆ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. అందుకే కోతకు ముందు పై గింజలు బంగారు రంగుకు తిరిగినా అడుగు గింజలు పచ్చిగా ఉంటాయి, పాలు చాలక తాలు పోయేవి కూడా ఎక్కువగా అడుగువే.

అలా ఎందుకు? వరి వెన్నులో అసలు కొన మొగ్గ పక్క కొమ్మలను పుట్టించాక ఎండిపోతుంది. అన్నిటికంటే పై కొమ్మ మొదట్లో దాని ఆనవాలు చిన్న బొడిపెలా మిగిలి ఉంటుంది, భూతద్దంతో చూడొచ్చు. మనకు కొనలా కనిపించేది చివరి పక్క కొమ్మ. మళ్ళీ అదే ప్రశ్న, కొన మొగ్గ ఏమైంది? ఇక్కడ ఆగిపోయింది. పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయి, మార్కులు అక్కడున్నాయి. కానీ పొలం చెప్పేది కూడా తెలిసి ఉండు.

ఉల్లి కూడా ఇలాంటిదే. గుచ్ఛానికి ఉదాహరణగా రాస్తాం. కానీ ఉల్లిపూత దగ్గర నాలుగు రోజులు వరసగా చూస్తే కొత్తిమీరలాగా బయట నుంచి లోపలికి క్రమంగా విచ్చుకోదు, అక్కడక్కడా ఒకటి విచ్చుతుంది. అది నిజానికి కుదించుకుపోయిన చిన్న చిన్న నిశ్చిత గుత్తులన్నీ ఒకచోట చేరిన గొడుగు.

మిగిలినవి మేడి, యుఫోర్బియా. మేడిపువ్వు చూసినవాళ్ళు లేరని పెద్దవాళ్ళు అంటుంటారు. చెట్టు మొద్దు మీద గుత్తులుగా ఉన్న పచ్చి మేడికాయ ఒకటి కోసి చూడు, పూలన్నీ లోపలే ఉన్నాయి. అప్పడంలా చదునైన ఆ పూలగుత్తిని అంచులు పట్టి పైకి మూటకట్టినట్టు ఊహించుకో. మూతి దగ్గర చిన్న రంధ్రం, దాన్ని పొలుసులు మూసి ఉంచుతాయి. పుప్పొడితో వచ్చిన చిన్న ఆడ కందిరీగ ఆ సందులోంచి దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. లోపల పూలకు పుప్పొడి అందించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. పిల్లల్లో రెక్కల్లేని మగవి ముందు వచ్చి ఆడవాటితో జతకట్టి, బయటికి దారి తొలిచిపెడతాయి. ఆ సమయానికి మగపూలు విచ్చుతాయి. ఆడవి ఆ పుప్పొడి ఎత్తుకుని ఇంకో కాయ వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. మేడిపండు విప్పితే కనిపించే పురుగులు ఇవే. అవి లేకపోతే ఆ చెట్టుకు గింజ లేదు. మర్రి, రావి కూడా ఇదే పద్ధతి, సాధారణంగా ఒక్కో జాతికి దాని సొంత కందిరీగ. దీని పేరు హైపాంథోడియం.

యుఫోర్బియా కుండీ మొక్క నర్సరీల్లో దొరుకుతుంది, ముళ్ళ కాండం, జంటగా ఎర్ర రేకులు. ఆ రెండూ పుష్పపుచ్ఛాలు. నడుమ ఉన్న చిన్న గిన్నెలో మూడు గదుల అండాశయంతో ఒకే ఒక ఆడపువ్వు, చుట్టూ బోలెడు కేసరాలు. ఆ గిన్నె ఒక పువ్వు అనిపిస్తుంది. రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త కేసరం కాడ మధ్యలో ఒక అతుకు గమనించాడు. కేసరానికి అతుకు ఎందుకుంటుంది? అతుకు కిందిది పువ్వు కాడ, పైది కేసరం. రేకులూ అన్నీ పోయి ఒక్క కేసరం మాత్రం మిగిలిన మగపువ్వన్నమాట. ఆఫ్రికాలో పెరిగే దీని బంధువు ఆంథోస్టెమాలో సరిగ్గా ఆ అతుకు దగ్గర చిన్న పరిపత్రం, అంటే రేకుల వలయం, ఇంకా మిగిలి ఉంది. దానితో వాదం తేలిపోయింది. కాబట్టి గిన్నె మొత్తం ఒక పూలగుత్తి, సయాథియం. మీ ఇంటి ముందు నేల మీద పాకే రెడ్డివారి నానుబాలు కూడా ఇదే, కాకపోతే చాలా చిన్నది.

ప్రాక్టికల్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పువ్వొక్కటే తుంచి తెచ్చుకోవద్దు, ఒక ఆకు, దాని సందు కలిసి వచ్చేట్టు కొమ్మ కోయి. బొమ్మలో మొగ్గల సైజుల తేడా తప్పకుండా చూపించు. పేరు రాశాక దాని కింద ఒక వాక్యం రాయి, పాత పువ్వు ఎక్కడుంది, కొత్త మొగ్గ ఎక్కడుంది అని. దిద్దేవాళ్ళకు అది చాలు, నువ్వు మొక్కను చూసి రాశావని తెలిసిపోతుంది.

రేపు తులసి కంకి ఒకటి, గడ్డి చామంతి ఒకటి ఫోటో తీసి ఇక్కడే పెట్టమ్మా. తులసిలో ఆరింట్లో ఏది ముందు విచ్చిందో బాణం గుర్తు వేయి. వీలైతే మొక్కజొన్న పొత్తు ఒకటి కొని వరసలు లెక్కపెట్టు. అవి దాదాపు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఎందుకుంటాయో, చిరుకంకులు (గింజలు కట్టే చిన్న పూలగుత్తులు) జంటలు జంటలుగా పుట్టడం గురించి నీ పుస్తకంలో చదివి, నీకు తోచింది కింద రాయి. చూసి జవాబిస్తాను.